బిచ్చం వేయాలా, వద్దా? గీతలోని 'పాత్ర' అనే మాటని సరిగ్గా చదువుకుందాం



పోయిన వారం వీడియోలో భగవద్గీత పదిహేడో అధ్యాయంలోని మూడు రకాల దానాల గురించి చెప్పుకున్నాం. పది నిమిషాల వీడియోలో తేలని విషయం ఒకటి మిగిలిపోయింది, దాని కోసమే ఈ పోస్టు. మన వయసు వాళ్ళకి ఆ శ్లోకాలు నిజంగా ఎదురయ్యేది పూజగదిలో కాదండి. పంజాగుట్ట దగ్గరో జేఎన్టీయూ దగ్గరో రెడ్ సిగ్నల్ పడి, పక్కన ఎవరో చెయ్యి చాపినప్పుడు. నిర్ణయించుకోవడానికి ఉండేది ఒక్క నిమిషం. ఆ నిమిషంలో మనకి గుర్తొచ్చే శాస్త్రం కూడా ఒక్కటే: 'అపాత్రదానం చేయకూడదు.'

ఆ మాట గీతలో ఉన్నదే. కానీ దాని పక్కన ఉన్న మాటల్ని మనం వదిలేస్తున్నాం.

శ్లోకాలు 20, 21, 22 తీసి చూడండి. ఇవ్వడం నా బాధ్యత అనుకుని, తిరిగి మనకేమీ చేయలేని మనిషికి, తగిన చోట, తగిన వేళ, తగిన పాత్రుడికి ఇస్తే అది సాత్త్వికం. తిరిగి ఏదో వస్తుందని లెక్కేసుకునో, మనసులో ఏడుస్తూనో ఇస్తే రాజసం. చోటూ వేళా చూడకుండా, అపాత్రుడికి, మర్యాద లేకుండా, చులకనగా ఇస్తే తామసం. ఈ చివరి శ్లోకంలో అపాత్రుడి సంగతి ఎంత ఉందో, 'అసత్కృతం', 'అవజ్ఞాతం' అన్న మాటలు కూడా అంతే ఉన్నాయి. అంటే తీసుకునేవాడు ఎంత యోగ్యుడైనా సరే, మొహం కూడా చూడకుండా చిల్లర విసిరేస్తే ఆ దానం తామసమే. తీసుకునేవాడికి పెట్టే పరీక్ష మనకి గుర్తుంది, ఇచ్చేవాడికి పెట్టిన పరీక్ష మర్చిపోయాం.

రాజసం గురించి కూడా ఒక మాట. శనివారం పొద్దున గుడి మెట్ల మీద వాళ్ళకి గబగబా పంచేసి, 'హమ్మయ్య, శని పీడ పోయింది' అనుకుంటూ కారెక్కే వాళ్ళని మీరూ చూసే ఉంటారు. ఎదుటి మనిషిని మన గ్రహదోషాలు పారేసుకునే చోటుగా చూడటం నాకైతే నచ్చదు. మానేయమని చెప్పను, వాళ్ళకి ఆ పూట గడుస్తుంది కదా. కాకపోతే దాన్ని దానం కంటే లావాదేవీ అనడం సబబు.

ఇప్పుడు అసలు ముడి. పాత్రుడు అంటే ఎవరు? శంకరాచార్యుల గీతాభాష్యం చూస్తే, చోటు అంటే కురుక్షేత్రం లాంటి క్షేత్రం, వేళ అంటే సంక్రాంతి లాంటి పుణ్యకాలం, పాత్రుడు అంటే వేదం, వేదాంగాలు చదువుకున్న పండితుడి లాంటివాడు అని ఉంటుంది. ఈ ఉదాహరణలన్నీ సంకల్పం చెప్పుకుని, పుణ్యకాలం చూసుకుని చేసే దానానివి. గోదానం, భూదానం చేసేటప్పుడు అడగాల్సిన ప్రశ్నని తీసుకొచ్చి, ఆకలితో ఉన్నవాడి ముందు పెడుతున్నాం మనం.

ఆకలి సంగతి మన శాస్త్రాల్లో వేరే చోట ఉంది. గృహస్థు రోజూ చేయాల్సిన పంచ మహాయజ్ఞాల్లో మనుష్య యజ్ఞం, భూత యజ్ఞం ఉన్నాయి. వైశ్వదేవం అయ్యాక కుక్కలకి, కాకులకి, పురుగులకి, రోగులకి, చివరికి సమాజం వెలివేసిన వాళ్ళకి కూడా అన్నం పెట్టమని మనుస్మృతి మూడో అధ్యాయం చెబుతుంది. అక్కడ యోగ్యత పరీక్ష లేదు. తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి అయితే ఇంటికి వచ్చిన ఎవరినీ కాదనవద్దని, అందుకోసమైనా అన్నం బాగా సంపాదించి పెట్టుకోమని చెబుతుంది. సంపాదన మీద మోజున్న మన తరానికి ఇంతకంటే మంచి కారణం ఏం కావాలి!

ఇదంతా పుస్తకాల్లో మాట అనుకుంటే, మన గోదావరి గట్టున జీవించి చూపించిన మనిషి డొక్కా సీతమ్మగారు (1841–1909). లంకల గన్నవరంలో ఆమె ఇంటికి ఏ వేళ ఎవరొచ్చినా విస్తరి పడేది. నది దాటి వచ్చే బాటసారుల కులం, గుణం కనుక్కుని పెట్టలేదు ఆవిడ. అన్నం విషయంలో పాత్రతకి ఆకలి ఒక్కటే కొలత.

సరే, అన్నం సంగతి తేలింది. మరి డబ్బు? ఆకలి తీరాక మనిషి ఇక చాలు అంటాడు, డబ్బుకి ఆ హద్దు లేదు. ఎక్కడికైనా వెళ్ళగలదు. 'వాళ్ళంతా మోసం', 'వెనకాల ముఠా ఉంటుంది', 'తాగేస్తారు' అన్న మాటలన్నీ డబ్బు దగ్గరే వస్తాయి.

ఈ మాటలు వినగానే నాకు పోతన భాగవతం అష్టమ స్కంధం గుర్తొస్తుంది. బలి చక్రవర్తి ముందు ఒక బ్రహ్మచారి చెయ్యి చాపాడు. పక్కనే ఉన్న శుక్రాచార్యుడు, వీడు నువ్వు అనుకునేవాడు కాదు, వేషం వేసుకుని వచ్చాడు, ఇస్తే సర్వం పోతుంది, వద్దని చెప్పాడు. ఒక్కటి గమనించండి. శుక్రుడు చెప్పినదాంట్లో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు! అడిగినవాడు నిజంగానే వేషంలో ఉన్నాడు, బలికి నిజంగానే అంతా పోయింది. అయినా తరతరాలుగా మనం దండం పెట్టుకునేది బలికే. ఎందుకంటే మోసపోతే పోయేది తన సొత్తు, తన రాజ్యం. ఆ నష్టం తాను భరించడానికి సిద్ధపడి ఇచ్చాడు.

నా దృష్టిలో సిగ్నల్ దగ్గర వేసుకోవాల్సిన ప్రశ్న అదే. 'వీడు మోసగాడా?' అన్నది ఒక్క నిమిషంలో ఎవరికీ తేలదు. 'ఒకవేళ నేను పొరబడితే నష్టం ఎవరికి?' అన్నది మాత్రం వెంటనే తేలుతుంది. మన ఫీల్డ్‌లో ఉన్నవాళ్ళకి ఇది కొత్త కాదు. స్పామ్ ఫిల్టర్ రాసేటప్పుడు తప్పు అస్సలు జరగకూడదని కూర్చుంటే ఏ ఫిల్టరూ రాయలేం. ఏ తప్పు ఖరీదైందో చూసుకుని దాన్ని తగ్గిస్తాం. స్పామ్ ఒకటి ఇన్‌బాక్స్‌లోకి వస్తే చిరాకు, అంతే. ఆఫర్ లెటర్ స్పామ్‌లోకి పోతే జీవితం.

ఒక ముసలావిడ చెయ్యి చాపింది. ఆవిడకి నిజంగా అవసరం లేదనే అనుకుందాం. పది రూపాయలిచ్చి నేను మోసపోతే నాకు పోయేది పది రూపాయలు, అంటే మనం కాఫీకి పెట్టేదాంట్లో ఓ మూల. అవసరం ఉండి నేను ఇవ్వకపోతే పోయేది ఆవిడ పూట. ఈ రెండు తప్పుల్లో నేను మొదటిదాన్నే ఎంచుకుంటాను. వృద్ధులకి, వికలాంగులకి, ఒళ్ళు బాగోలేని వాళ్ళకి ఇచ్చేటప్పుడు నేను లోతుగా ఆలోచించను.

చిన్నపిల్లల దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడ నేను పొరబడితే నష్టం నాది కాదు, ఆ పిల్లది. వెనక ముఠా ఉందా లేదా అన్న చర్చ కూడా అక్కర్లేదు. పెద్దవాళ్ళ చేతికంటే పసిచేతికి డబ్బులు ఎక్కువ పడతాయని తెలిసినంత కాలం, రేపు కూడా ఆ పిల్లనే బండ్ల మధ్యకి పంపుతారు. కన్నతల్లి పంపినా అంతే. బలి తన రాజ్యం ఇచ్చాడు కానీ, ఇంకొకరి పిల్లని పందెం పెట్టలేదు. అందుకే పిల్లల చేతికి డబ్బు ఇవ్వను. అరటిపండో, అప్పటికప్పుడు తినేదేదైనానో ఇస్తాను. పిల్లల్ని బిచ్చానికి పెట్టడం 2015 జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 76 కింద నేరం, అయిదేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా ఉన్నాయి. రోజూ ఒకే సిగ్నల్ దగ్గర అదే పిల్ల కనిపిస్తుంటే 1098కి ఫోన్ చేసి చోటు, సమయం చెప్పండి. పది రూపాయలకంటే ఆ రెండు నిమిషాల ఫోనే పెద్ద దానం. తాగి తూలుతున్న మనిషి విషయంలోనూ ఇంతే, నోటు వద్దు, అన్నం పొట్లం ఇవ్వండి.

'తగిన చోట' అన్న మాటని కూడా అక్షరాలా తీసుకోవచ్చు. కదులుతున్న బండ్ల మధ్యలో అద్దం దించి పిలిచి ఇవ్వడం వాళ్ళ కాళ్ళూ చేతులకే ప్రమాదం. ఫుట్‌పాత్, గుడి మెట్లు, మెట్రో స్టేషన్ కింద, అవీ చోట్లు.

కొందరు చట్టం సంగతి అడుగుతారు. మన ఉమ్మడి రాష్ట్రంలో 1977లోనే భిక్షాటన నిషేధ చట్టం వచ్చింది. 2017 నవంబరులో అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సుకి ముందు హైదరాబాద్‌లో పోలీసులు రెండు నెలలపాటు బిచ్చమెత్తడాన్ని నిషేధించి, వీధుల్లో ఉన్నవాళ్ళని తరలించారు. ఇండోర్‌లో అయితే 2025 జనవరి 1 నుంచి బిచ్చం వేసినవాళ్ళ మీదే కేసులన్నారు. ఇంకోవైపు, ఢిల్లీకి వర్తించే బొంబాయి చట్టంలో భిక్షాటనను నేరం చేసే సెక్షన్లని 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. 1959 నాటి ఆ బొంబాయి చట్టంలో పాటలు పాడి, ఆటలాడి అడగడం కూడా బిచ్చమే! ఆ లెక్కన మన ధనుర్మాసం హరిదాసు కూడా ముద్దాయే. 2021లో సుప్రీంకోర్టు, వీధుల్లో బిచ్చగాళ్ళని లేకుండా చేయమని ఆదేశించడానికి ఒప్పుకోలేదు. పేదరికం వల్లే మనుషులు చెయ్యి చాపుతారని గుర్తుచేసింది. మీ ఊళ్ళో ఉన్న ఉత్తర్వు ఏదో చూసుకుని నడుచుకోండి. చట్టం ఇవ్వొద్దన్న చోట కూడా మనిషిని కసురుకోమని మాత్రం ఎక్కడా రాయలేదు.

హరిదాసు అంటే గుర్తొచ్చింది. మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో సంక్రాంతి నెల బియ్యం చేటలో పోసి పిల్లల చేతే ఆయన తల మీద అక్షయపాత్రలో వేయించేవాళ్ళు. ఇవ్వడం అలా అలవాటు చేసేవాళ్ళు. ఇంకా ముఖ్యంగా, ఇవ్వలేని రోజున కూడా గుమ్మంలోకి వచ్చి 'చెయ్యి ఖాళీ లేదయ్యా' అనేది అమ్మమ్మ. 'లేదు', 'పో' అన్న మాటలు ఆ గుమ్మంలో వినపడేవి కావు. గీత అవజ్ఞ వద్దంటే ఆచరణలో అర్థం ఇదే అనుకుంటాను. ఇప్పుడు మనం ఫోన్ చూసుకుంటున్నట్టు నటిస్తాం. ఇవ్వకపోతే ఇవ్వకండి, కానీ మొహం చూసి 'ఇవాళ లేదమ్మా' అనండి.

'వాళ్ళ ప్రారబ్ధం, మనం అడ్డం పడకూడదు' అనే వాళ్ళకి పెద్ద జవాబు అక్కర్లేదు. మన ఇంట్లో వాళ్ళకి జ్వరమొస్తే ప్రారబ్ధమని ఊరుకోం కదా. 'వీధిలో ఇవ్వకుండా మంచి సంస్థకి ఇవ్వాలి' అన్నది మాత్రం గట్టి వాదనే, నేనూ ఒప్పుకుంటాను. ఒకే ఒక్క షరతు: నిజంగా ఇవ్వాలి. ఈ వాదన చేసే మిత్రుల్లో చాలామంది అక్కడా ఇవ్వరు, ఇక్కడా ఇవ్వరు.

నేను పాటించేది చెబుతాను, నచ్చితే తీసుకోండి. జీతం పడిన రోజే కొంత పక్కకి తీసేస్తాను. ఎక్కువ భాగం అన్నదానానికి వెళ్తుంది. మిగతాది పది రూపాయల నోట్లుగా మార్చి ఉంచుకుంటాను, ఎందుకంటే ఫోన్‌పే, జీపే వచ్చాక 'చిల్లర లేదు' అన్నది అబద్ధం కాకుండా పోయింది. హైదరాబాద్‌లో 2014 నుంచి అయిదు రూపాయల భోజనం ఉంది, ఆంధ్రలో అన్న క్యాంటీన్లు 2024 ఆగస్టులో మళ్ళీ తెరిచారు. ఇరవై రూపాయలంటే నలుగురి భోజనం. దగ్గర్లో క్యాంటీన్ ఉంటే, 'రండి, తిందురుగాని' అని అడుగుతాను. కొందరు వస్తారు. కొందరు డబ్బులే కావాలంటారు. మందులో, బస్సు ఛార్జీయో, ఊళ్ళో ఎవరికైనా పంపాలో, అన్నంతో తీరని అవసరాలు మనకున్నట్టే వాళ్ళకీ ఉంటాయి. పెద్దవాళ్ళైతే వాదించకుండా నోటు చేతిలో పెట్టి వచ్చేస్తాను.

వచ్చే వారం వీడియోలో రంతిదేవుడి కథ చూద్దాం. భాగవతం నవమ స్కంధంలో ఉంటుంది, వీలైతే ముందే చదువుకుని రండి.