గ్యారేజీలో గిటారు: విడిభాగాలు కొనేముందు, బిగించేటప్పుడు 10 చిట్కాలు

డిసెంబరులో స్కూళ్లు మూసేశాక ఆస్ట్రేలియాలోని మా స్కోఫీల్డ్స్‌లో పిల్లలకు వారాల తరబడి సెలవులు. అలాంటి సెలవుల్లోనే మా అబ్బాయీ నేనూ గ్యారేజీలో కూర్చుని ఎలక్ట్రిక్ గిటారు బిగించాం. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండలిన్‌కు జంట తీగల బదులు ఐదు ఒంటి తీగలు పెట్టుకుని కర్ణాటక సంగీతం పలికించారు. వాయిద్యాన్ని తమ సంగీతానికి తగ్గట్టు మలుచుకున్నవారు మనకు ఉన్నారని చెప్పి వాడికి ధైర్యమిచ్చాను. ఆ పనిలో తెలిసిందొక్కటే: భాగాలు ఎంత ఖరీదైనవైనా, వాటి కొలతలు ఒకదానితో ఒకటి కుదరకపోతే శ్రుతి నిలవదు.

1. ముందు మెడ ఎంచుకోండి. తల దగ్గరి నట్ నుంచి బ్రిడ్జి దాకా తీగ మోగే నిడివిని స్కేల్ అంటారు. ఫెండర్ తరహాకు ఇది 648 మి.మీ., గిబ్సన్ తరహాకు సుమారు 628 మి.మీ. మెట్ల మధ్య దూరాలు ఈ నిడివిని బట్టే ఉంటాయి కనుక బాడీ కూడా అదే స్కేల్‌కు తొలిచినదై ఉండాలి.

2. మెడ అడుగుభాగం చూడండి. ఫెండర్ గిటార్లలో స్ట్రాటోక్యాస్టర్ మెడ చివర గుండ్రంగా, టెలీక్యాస్టర్‌ది చదరంగా ఉంటుంది. రెండింటి వెడల్పూ సుమారు 56 మి.మీ. అయినా, ఒకదాని గూట్లో ఇంకొకటి సరిగ్గా కూర్చోదు.

3. బ్రిడ్జి కొనేముందు బాడీ మీద రంధ్రాలు లెక్కపెట్టండి. పాత తరహా ట్రెమొలో బ్రిడ్జికి ఆరు స్క్రూలు, కొత్త తరహాకు రెండు స్తంభాలు. మేం లెక్కపెట్టకుండా తెప్పించాం. అది వెనక్కి పంపి, సరైనది వచ్చేసరికి సెలవుల్లో రెండు వారాలు పోయాయి.

4. వీణకు బిరడలెలాగో గిటారుకు ట్యూనర్లు అలాగ. తల మీది రంధ్రాలు కొత్త తరహాకు 10 మి.మీ., పాత తరహాకు సుమారు 8.5 మి.మీ. చిన్న రంధ్రాన్ని పెద్దది చేయవచ్చు. పెద్దదాన్ని చిన్నది చేయడం కష్టం.

5. పికప్‌కు తగ్గ వాల్యూమ్, టోన్ పాట్‌లు తీసుకోండి. సింగిల్ కాయిల్‌కు 250 కిలో ఓమ్‌లు, హంబకర్‌కు 500 కిలో ఓమ్‌లు వాడుక. సింగిల్ కాయిల్ ఇంటి కరెంటు గుయ్‌మనే శబ్దాన్ని కూడా పట్టుకుంటుంది. హంబకర్‌లోని రెండు కాయిల్స్ ఆ శబ్దాన్ని చాలావరకు రద్దు చేస్తాయి.

6. ఇండియా నుంచి చెక్క భాగం తెచ్చుకుంటే విమానం దిగాక తప్పక డిక్లేర్ చేయండి. తినే వస్తువుల్లాగే చెక్కనూ ఇక్కడి బయోసెక్యూరిటీ వాళ్లు పరీక్షిస్తారు. ఆన్‌లైన్‌లో విదేశాల నుంచి తెప్పిస్తే 10 శాతం జీఎస్టీ కలుపుకుని లెక్క వేసుకోండి.

7. పాత పోపుల డబ్బా బయటికి తీయండి. మెడ స్క్రూలు ఒక గిన్నెలో, ట్యూనర్లవి ఒకదాంట్లో, పికప్ స్ప్రింగులు ఇంకోదాంట్లో. పని మధ్యలో వెతుకులాట ఉండదు.

8. డ్రిల్ పట్టుకునే ముందు దారం పట్టండి. నట్ మీది రెండు అంచు గాళ్ల నుంచి బ్రిడ్జి దాకా నూలు దారాలు లాగి కట్టండి. రెండూ మెడ అంచులకు సమాన దూరంలో ఉంటేనే బ్రిడ్జి రంధ్రాలు వేయండి. డ్రిల్ బిట్‌కు ఎంత లోతు కావాలో అక్కడ టేపు చుట్టండి.

9. మెడ బిగువు మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. బొబ్బిలి వీణను ఒకే పనస దుంగలో తొలుస్తారు, అందులో మెడ దగ్గర అతుకు ఉండదు. ఇక్కడ మెడ, బాడీ వేరు కనుక కంపనం ఆ అతుకు దాటి పోవాలి. బాడీ రంధ్రాల్లో స్క్రూలు వదులుగా జారాలి, మెడలో మాత్రమే కరవాలి. అప్పుడే మెడ గూటికి అంటుకునేలా లాక్కుంటుంది. మెడకు వాడే మేపుల్ గట్టి చెక్క. స్క్రూ మరలకు కొవ్వొత్తి మైనం రాస్తే విరగకుండా దిగుతుంది.

10. సోల్డరింగ్‌కు గ్యారేజీ తలుపు తెరిచి పెట్టండి, పనయ్యాక చేతులు సబ్బుతో కడగండి. బ్రిడ్జికి గ్రౌండ్ తీగ మరవకండి. తీగలు ఎక్కించి శ్రుతి చేశాక పన్నెండో మెట్టు దగ్గర హార్మోనిక్‌నూ, నొక్కి మీటిన స్వరాన్నీ పోల్చండి. నొక్కిన స్వరం ఎక్కువగా ఉంటే బ్రిడ్జి మీద ఆ తీగ ఆనే శాడిల్ వెనక్కి, తక్కువైతే ముందుకు. జనవరిలో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటే రోజులుంటాయి కనుక గిటారును కారులో వదలకండి.

ఆరో తీగ దగ్గర శాడిల్ చివరిసారి జరిపి మా వాడు మళ్లీ మీటాడు. రెండు స్వరాలూ ఒకటే పలికాయి. ఆ సాయంత్రం వాడు గ్యారేజీ లైటు ఆర్పనివ్వలేదు.