ఉప్పునీటి తొట్టిలో క్లౌన్ చేపలు - తోడు చేపల ఎంపిక

నారింజ రంగు మేనిపై తెల్లని పట్టీలు గల క్లౌన్ చేపలు అండమాన్ పగడపు దిబ్బలలో నివసించును. వీనిని ఇంట పెంచగోరువారు ఈ క్రింది విషయములు గమనించవలెను.

నీరు: 100 లీటర్లకు తగ్గని గాజుతొట్టి కావలెను. వంట ఉప్పు పనికిరాదు. సముద్రపు అక్వేరియములకై చేసిన ఉప్పు మిశ్రమమును కలిపి సాపేక్ష సాంద్రతను 1.025కు తేవలెను. వేడిమి 25-27 డిగ్రీల సెంటీగ్రేడు ఉండవలెను. వడపోత యంత్రమును నడుపుచు, రోజూ చిటికెడు మేత వేయుచు 4-6 వారములు ఆగవలెను. అమ్మోనియా, నైట్రైట్ బొత్తిగా లేవని పరీక్షలో తేలిన పిదపనే చేపలను వదలవలెను. తొందరపడినచో చేపలు చచ్చి, పెట్టిన సొమ్ము నీటిపాలగును.

జత: ఒకే జాతి చేపలు రెండు చాలును. ఇవన్నియు మొదట మగవి. జతలో పెద్దది ఆడదిగా మారును. కనుక ఒక పెద్దదానిని, ఒక చిన్నదానిని కొనవలెను.

తోడు చేపలు: గోబీ, ఫైర్‌ఫిష్, కార్డినల్ చేపలు, క్లీనర్ రొయ్య తగినవి. వీనిని ముందు వదలి, క్లౌన్ చేపలను చివర వదలవలెను. లేనిచో అవి చోటు ఆక్రమించి కొత్తవానిని తరుమును. డామ్సెల్ చేపలు పోట్లాడును. లయన్ ఫిష్ చిన్న చేపలను మ్రింగును. రొయ్య ఉన్న తొట్టిలో రాగి కలిసిన మందు వాడరాదు.

దిబ్బలపై పట్టినవానికంటె హేచరీ పిల్లలే మేలు. అవి తొట్టికి, మేతకు అలవాటుపడి యుండును. దిబ్బలకును నష్టము కలుగదు.