డోరేమాన్ బొమ్మల కథ మన పిల్లలకు తగినదేనా?



గత వేసవి బైబిలు బడిలో చిన్న తరగతి పిల్లలను, ప్రార్థన అనగా ఏమిటని మేము అడిగితిమి. ఏడేండ్ల బాలుడొకడు లేచి నిలిచి, "మనం ఏది అడిగినా యేసయ్య జేబులోంచి తీసి ఇస్తాడండి, అయ్యగారూ" అని చెప్పెను. పిల్లలందరు ఒప్పుకొనిరి, ఒక్కరును నవ్వలేదు. యేసయ్యకు జేబు ఎక్కడనుండి వచ్చెనో మాకు బోధపడలేదు. పాఠము చెప్పు సహోదరి మా దగ్గరకు వచ్చి మెల్లగా, "అది డోరేమాన్ జేబండి" అనెను.

ఆ సాయంకాలమే గృహప్రార్థన కూటములో, ఆ జపాను బొమ్మల కథను మీ యిండ్లలో నిలిపివేయుడని మేము గట్టిగా చెప్పితిమి. అప్పుడొక తల్లి, "అయ్యగారు ఎప్పుడైనా చూశారా అండి?" అని నెమ్మదిగా అడిగెను. మేము చూచియుండలేదు. సంగతి పూర్తిగా వినక తీర్పు చెప్పుట అవివేకమని సామెతల గ్రంథము 18వ అధ్యాయము నేర్పుచున్నది. ఆ అధ్యాయముమీద రెండు పర్యాయములు ప్రసంగించిన మాకు అది ఆ రాత్రి గాని జ్ఞాపకము రాలేదు. కాబట్టి రెండు వారములపాటు ఆమె యింటనే, ఆమె పిల్లలతో చాపమీద కూర్చుండి మేమును చూచితిమి. చూచినదానిని, విచారించి తెలిసికొన్నదానిని మీ యెదుట పెట్టుచున్నాము.

డోరేమాన్ అనునది పిల్లి రూపము గల నీలిరంగు యంత్రము. 22వ శతాబ్దమునుండి వెనుకకు వచ్చినదని కథ. ఎలుక కొరికివేయుటచేత దానికి చెవులు లేవు. ఎలుక కనబడిన యెడల పిల్లియే పారిపోవును. నోబితా అను బాలుడు సోమరి, ఏడుపుగొట్టు, పరీక్షలలో సున్నలు తెచ్చుకొనువాడు. పెద్దవాడై అతడు చేసిన అప్పులు తరతరములు తీరకపోగా, అతని మనుమని మనుమడు తాతగారిని చిన్ననాటనే బాగుచేయవలెనని ఈ యంత్రమును పంపెను. దాని పొట్టమీది జేబులోనుండి వింత వస్తువులు ఎన్నియైనను వచ్చును. తెరిచిన చాలు కోరిన చోటికి చేర్చు తలుపు ఒకటి, తలమీద పెట్టుకొని యెగురు చిన్న రెక్క ఒకటి, ఇట్లు అనేకములు గలవు.

దీనిని కల్పించినవారు ఫుజికో ఎఫ్. ఫుజియో అను కలముపేరు గల హిరోషి ఫుజిమోటో గారు (1933–1996). 1969 డిసెంబరులో షోగాకుకాన్ అను ప్రచురణ సంస్థవారి ఆరు పిల్లల పత్రికలలో ఇది మొదలాయెను. ఇంకను బడికి పోని బిడ్డలు మొదలుకొని నాలుగవ తరగతి పిల్లలవరకు, వయస్సునుబట్టి వేరువేరుగా వెలువడిన పత్రికలవి. అనగా ఇది పుట్టుకతోనే పిల్లల నిమిత్తము వ్రాయబడిన కథ.

ఈ సంగతి ఏల చెప్పుచున్నామనగా, ముద్దుగా కనబడు బొమ్మలన్నియు అట్టివి కావు. షిన్‌చాన్ అను అయిదేండ్ల బాలుని కథ మన పిల్లలు ఎరుగుదురు. అది 1990లో పెద్దవారు చదువుకొను వారపత్రికలో మొదలైనది. అందులోని మోటు హాస్యము పెద్దవారిని నవ్వించుటకు పెట్టినది. 2008లో మన కేంద్ర ప్రభుత్వము దాని ప్రసారమును ఆపించగా, తరువాత కోతలతో మరల వచ్చెను. బొమ్మ ముఖము పసిది గనుక కథయు పసిపిల్లలదే యని తలంచుట పొరపాటు. చిన్నపిల్లలకు దానిని మేము సమ్మతింపము.

ఇక డోరేమాన్‌లో మేము చూచిన కథ యొకటి వినుడి. పరీక్ష తెల్లవారితే యున్నది, నోబితా చదువలేదు. డోరేమాన్ జేబులోనుండి రొట్టెముక్కలు తీసి యిచ్చెను. పుస్తకపు పుటమీద రొట్టెను అద్దిన యెడల అక్షరములు దానిమీద పడును. దానిని తిన్నయెడల పాఠము కంఠస్థమగును. ఇంతవరకు చూచి మేము, "సోమరితనమునకు ఇంతకంటె పాఠమున్నదా?" అని లేవబోతిమి. మా ప్రక్కనున్న పిల్లవాడు మా చెయ్యి పట్టుకొని, "ఆగండి, అయిపోలేదు" అనెను. నోబితా మితిమీరి తిని, కడుపు పాడుచేసికొని, మరుగుదొడ్డికి పోయి వచ్చుసరికి నేర్చినదంతయు పోయెను. పిల్లలు పొట్టలు పట్టుకొని నవ్విరి. మేమును నవ్వితిమి.

ఆ రెండు వారములలో చూచిన కథలలో ఎక్కువ ఇట్టివే. అడ్డదారిన వచ్చిన శక్తిని వాడు దురాశతోనో పగతోనో వాడును; చివరకు అది వాని తలకే చుట్టుకొనును. కథ నిడివి ఇంచుమించు పది నిమిషములు. అందులో ఎనిమిది నిమిషములు జేబు వింతలు, రెండు నిమిషములు వాటి ఫలితము. బుద్ధి యంతయు ఆ రెండు నిమిషములలోనే యున్నది.

అయితే మన పిల్లలు ఆ రెండు నిమిషములు చూచుచున్నారా? సెల్‌ఫోనులో వచ్చునవి తరచుగా ముక్కలు. తలుపు తెరిచిన ముక్క, ఎగిరిన ముక్క, కొట్టినవానిని తిరిగి కొట్టిన ముక్క. వ్రేలితో నెట్టగా మరియొకటి. టీవీలో చూచుచున్నప్పుడు సహా, కథ ముగియబోవు వేళకే మనము, "చాలు, కట్టెయ్, అన్నానికి రా" అని కేక వేయుదుము. ఆ కేకతో వాని మనస్సులో మిగిలినది జేబు మాత్రమే. వేసవి బడిలో ఆ బాలుడు చెప్పిన జవాబు అక్కడనుండియే వచ్చినదని మేము తలంచుచున్నాము. కథలో సగము వానికి చేరినది, తక్కిన సగమును మనమే ఆపితిమి.

లోపములు లేవని మేము చెప్పము. షిజుకా అను బాలిక స్నానము చేయుచుండగా నోబితా పొరపాటున ఆ గదిలో వచ్చిపడుట అనేక పర్యాయములు హాస్యముగా చూపబడినది. ఇది హాస్యము కాదు. మన యింటి ఆడపిల్ల ప్రక్కన కూర్చుండగా మగపిల్లవాడు దీనికి నవ్విన యెడల, అక్కడనే ఆపి తప్పని చెప్పవలెను. బలశాలియైన జియాన్ బలహీనులను కొట్టుటయు చాల సులువుగా నవ్వులలోనికి పోవుచున్నది. 2013లో బంగ్లాదేశ్ ప్రభుత్వము హిందీ మాటలతో వచ్చు డోరేమాన్‌ను ఆపించినది, పిల్లలు తమ భాష మాని హిందీ పలుకుచున్నారని. ఆ భయము మనకు కొత్తగా అక్కరలేదు. అమ్మను "మమ్మీ" యనుట మన పిల్లలు డోరేమాన్ రాకమునుపే నేర్చిరి.

అయినను ఒక కథ చూచిన తరువాత మేము దీనిని నిలిపివేయుడని చెప్పలేకపోతిమి. నోబితాకు తన నాయనమ్మ కుట్టి బాగుచేసిన పాత ఎలుగుబంటి బొమ్మ దొరకును. ఆమె చనిపోయి చాలకాలమైనది. కాలములో వెనుకకు పోవు యంత్రమెక్కి వాడు ఆమెను చూడబోవును. ఎదిగిన పిల్లవాడొకడు వచ్చి నేనే నోబితానని చెప్పగా, ఆమె ఒక్క ప్రశ్నయు వేయక నమ్మును. మనుమడు సంచి తగిలించుకొని బడికి పోవుట చూడవలెనని ఆమె కోరిక. వాడు పరుగెత్తిపోయి తన బడిసంచి తెచ్చి తగిలించుకొని చూపించును. ఆ యింటి ముసలమ్మ గోడకు ఆనుకొని మాతోకూడ చూచుచుండెను. కథ అయినపిమ్మట పెద్ద మనుమరాలు చెప్పకయే లేచి ఆమెకు మంచినీళ్లు తెచ్చి యిచ్చెను.

మరియొక కథలో డోరేమాన్ తన కాలమునకు తిరిగి పోవలసివచ్చును. తాను లేకపోయినను వీడు నిలువగలడని డోరేమాన్ నిశ్చింతగా పోవలెనని, నోబితా జేబు సహాయము అడుగకుండ జియాన్‌తో ఒంటరిగా పెనుగులాడి, దెబ్బలు తిని, పట్టు విడువడు. దీనిని వ్రాసిన ఆయన క్రైస్తవ బోధకుడు కాడు, మన వేదము చెప్పుటకు వ్రాయలేదు. అయినను అడిగినదంతయు ఇచ్చుట ప్రేమకు కడపటి పని కాదని ఆయన ఎరుగును. మన ప్రార్థన కూటములలో జేబులోనికి చెయ్యి చాచినట్లు మ్రొక్కు పెద్దవారమైన మనము, ఆ బాలుని జవాబును తప్పుపట్టుటకు కొంచెము సిగ్గుపడవలసియున్నది.

కాబట్టి మా తీర్పు ఇది. ఏడు, ఎనిమిదేండ్ల పిల్లలు మొదలుకొని డోరేమాన్ చూడవచ్చును. టీవీలో గాని ఫోనులో గాని పూర్తి కథగా, రోజునకు ఒకటి రెండు, పెద్దవారొకరు ప్రక్కనుండగా. అంతకంటె చిన్నవారు జేబును మాత్రమే చూతురు గనుక వారికి తొందర లేదు. ముక్కలు ముక్కలుగా ఫోనులో చూచుట వద్దు. కథ ముగిసిన తరువాత, "నోబితా ఎక్కడ తప్పు చేశాడు?" అని ఒక్క ప్రశ్న అడుగుడి. జవాబు మీరు చెప్పవద్దు, వారు చెప్పుదురు.

ఆ ఏడేండ్ల బాలునికి మేమింకను జవాబు చెప్పవలసియున్నది. వచ్చు నెల మొదటి ఆదివారము, ఆకలిగొన్న ప్రభువు శక్తియుండియు రాళ్లను రొట్టెలుగా చేసికొనక నిలిచిన అరణ్యపు పాఠమును చిన్న తరగతివారికి మేమే చెప్పుదుము. తల్లులును తండ్రులును వెనుక చాపలమీద కూర్చుండవచ్చును. ఉదయము ఎనిమిది గంటలకు.