వేసవి కాలినడక ప్రయాణము – కుట్టెడు పురుగుల నుండి రక్షణ

వేసవి వచ్చినంతనే బడులకు సెలవులు లభించును. పసుపు త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి విక్రయించిన పిమ్మట మోర్తాడ్ ప్రాంతపు రైతు కుటుంబములకు కొంత తీరిక చిక్కును. ఈ దినములలో విద్యార్థులును యువజనులును గుంపులుగా కూడి కాలినడకన బయలుదేరుట కలదు. భీమగల్లు చెంతనున్న లింబాద్రి గుట్ట, ఆర్మూరు నవనాథ సిద్ధుల గుట్ట, పోచంపాడు వద్ద గోదావరిపై నిర్మించిన శ్రీరాంసాగర్ జలాశయము ఈ ప్రాంతమున చూడదగిన స్థలములు. కాలినడక ఆరోగ్యమునకు మంచిది. తన ప్రాంతమును తాను ఎరుగుటకు అంతకు మించిన సాధనము లేదు. అయితే ఎండకు గొడుగును, దాహమునకు నీటిని వెంట తీసికొనువారు కుట్టెడు పురుగుల మాట మరచుట సర్వసాధారణము. కాటు వలని దురద ఒక పూటలో తగ్గును. కాటుతో శరీరములో ప్రవేశించు వ్యాధి ప్రాణముల మీదికి తెచ్చును. కావున ఈ విషయమును గూర్చి కొంత వివరింప దలచితిమి.

దోమ – మలేరియా

మలేరియా చెడుగాలి వలన వచ్చునని పూర్వులు తలచిరి. ఆ భ్రమను తొలగించిన పరిశోధన మన సికింద్రాబాదులోనే జరిగినది. 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు, రోగి రక్తమును త్రాగిన అనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొనెను. అందులకు ఆయనకు 1902లో నోబెల్ బహుమానము లభించెను.

1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమము ప్రారంభమగు నాటికి దేశములో ఏటా సుమారు 7 కోట్ల 50 లక్షల మంది ఈ జ్వరము పాలగుచుండిరి. 8 లక్షల మంది మరణించుచుండిరి. 1960 దశకపు నడుమ నాటికి రోగుల సంఖ్య లక్ష ప్రాంతమునకు దిగెను. కాని జాగ్రత్త సడలిన పిదప 1976లో మరల 64 లక్షలకు పెరిగెను. దోమ విషయమున ఏమరుపాటు తగదనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

ఆడ దోమ మాత్రమే రక్తము త్రాగును. గ్రుడ్లు పెట్టుటకు దానికి రక్తము అవసరము. మలేరియా దోమ రాత్రివేళ కుట్టును. వ్రాలినపుడు తోక భాగమును పైకెత్తి ఏటవాలుగా నిలుచును. వేసవిలో వాగు ఎండి, ఇసుకలో అక్కడక్కడ నిలిచిన మడుగులు దీనికి ఇష్టమైన స్థానములు. బాటసారులు చల్లదనమునకై విడిది చేయునదియు ఆ మడుగుల గట్టుననే! మడుగునకు దూరముగా పడక వేసికొనుట మేలు. కాని దోమ కిలోమీటరు పైబడి ఎగురగలదు గనుక దోమతెర తప్పనిసరి. తెర అంచులను పడక క్రింద చెక్కవలెను. చిరుగులు లేకుండ చూచుకొనవలెను. మందు పట్టించిన తెర అయినచో మరింత శ్రేష్ఠము.

డెంగీ, చికున్‌గున్యాలను వ్యాపింపజేయు చారల దోమ పగటివేళ కుట్టును. ఇది ఇండ్ల యొద్ద తొట్లలోను, పాత టైర్లలోను నిలిచిన నీటిలో పెరుగును. కావున పగలు విశ్రమించు చోటను జాగ్రత్త వలయును. ప్రయాణమునకు పోవువారు తమ ఇంటి తొట్లను ఒలకబోసి, ఆరబెట్టి, బోర్లించి పోవలెను.

ఇసుక ఈగ

ఇది దోమకంటె చాల చిన్నది. గోడల పగుళ్లలోను, పశువుల కొట్టములలోను, తేమగల చీకటి మూలలలోను దాగి, చీకటి పడిన పిదప కుట్టును. ఎగురుటలో బలహీనము, కొద్ది దూరము గంతులు వేయునట్లు పోవును, తరచుగా నేలకు దగ్గరగానే సంచరించును. దీని వలన చాందీపుర అను మెదడువాపు వ్యాధి వ్యాపించును. ఈ వ్యాధి క్రిమిని 1965లో నాగపూరు చెంతనున్న చాందీపుర గ్రామమున తొలిసారి గుర్తించిరి. 2003లో నాటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున, కరీంనగర్, వరంగల్లు మొదలగు జిల్లాలలో ఇది ప్రబలినపుడు 329 మంది పిల్లలకు వ్యాధి సోకగా 183 మంది మరణించిరి. జ్వరము, వాంతులు, ఫిట్లు, స్పృహ తప్పుట ఒకదాని వెంట ఒకటి త్వరితముగా వచ్చును. ఒకటి రెండు దినములలోనే ప్రాణాపాయము కలుగును. దీనికి టీకా గాని, ప్రత్యేకమైన మందు గాని లేదు. బిడ్డను తక్షణమే ఆసుపత్రికి చేర్చుటయే మార్గము.

సాధారణ దోమతెర కన్నముల గుండ దూరగల ప్రాణి యిది. సన్నని కన్నముల తెరయే దీనిని ఆపగలదు. పిల్లలను పశువుల కొట్టము ప్రక్కన నేలపై పరుండబెట్టరాదు. మిద్దెపైనో, గాలి తగులు ఎత్తైన స్థలములోనో మంచముపై పరుండబెట్టుట మంచిది.

గడ్డిలోని పురుగులు

పశువులు మేయు బీళ్లలోను, పొదలలోను గోమార్లు కాళ్లకు ఎక్కి చర్మమును పట్టుకొనును. అగ్గిపుల్లతో కాల్చుట, కిరసనాయిలు పోయుట తగదు. చిమ్మటతో చర్మమునకు ఆనించి పట్టి, మెలి పెట్టక నిటారుగా లాగి, ఆ చోటును సబ్బుతో కడుగవలెను. కంటికి కానరాని మరియొక పురుగు పిల్లలు పొదలలో ఉండి స్క్రబ్ టైఫస్ అను జ్వరమును కలిగించును. కుట్టినచోట కొన్ని వేళల సిగరెట్టుతో కాల్చినట్లు నల్లని పక్కు కట్టును. పక్కు కనిపించినచో వైద్యునకు చూపవలెను. డాక్సీసైక్లిన్ అను మందుతో ఈ జ్వరము నయమగును. ఆలస్యము చేసినచో ప్రమాదము. గడ్డిపై నేరుగా పరుండరాదు, దుప్పటి పరచుకొనవలెను.

తేనెటీగలు

గుట్టల బండలకును, పెద్ద చెట్ల కొమ్మలకును పెద్ద తేనెటీగలు పట్టు కట్టును. పట్టు క్రింద పొయ్యి రాజేయుట, రాళ్లు రువ్వుట, కేకలు వేయుట ప్రాణాంతకము. ఒక ఈగ కుట్టినపుడు వెలువడు వాసన తక్కిన ఈగలను పిలుచును. అవి తరిమినపుడు ముఖమును, తలను బట్టతో కప్పుకొని దూరముగా పరుగెత్తి ఇంటిలోనో వాహనములోనో ప్రవేశించి తలుపు మూయవలెను. నీటిలో మునిగిన ప్రయోజనము లేదు. ఈగలు పైననే కాచుకొని యుండును. ముల్లును ఆలస్యము చేయక గోటితో గీకి తీయవలెను. అది గుచ్చుకొని యున్నంతసేపు విషము దిగుచుండును. తరువాత చల్లని తడిబట్ట వేయవలెను. సున్నము పూసినచో చర్మము పొక్కును. పెదవులు, నాలుక వాచుట, ఊపిరి ఆడకుండుట, కళ్లు తిరుగుట కనిపించినచో ఒక్క కాటే అయినను వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. అనేకము కుట్టినపుడు లక్షణములు లేకున్నను వైద్యపరీక్ష అవసరము.

బయలుదేరుటకు ముందు

నిండు చేతుల చొక్కా, పొడవు లాగు లేదా పంచె, కాలిజోడు ధరింపవలెను. లేత రంగు బట్టలపై పురుగు తేలికగా కనబడును. వేపనూనెను కొబ్బరినూనెలో కలిపి పూసికొన్నచో కొంతసేపు దోమలు దరిచేరవు. డీట్ గల లేపనము అంతకంటె ఎక్కువసేపు పనిచేయును. దానిని కండ్లకు, నోటికి, పిల్లల చేతులకు తగులనీయరాదు. సబ్బు, చిమ్మట, శుభ్రమైన బట్ట, దోమతెర సంచిలో ఉండవలెను. కాటును గోకరాదు, గోకిన చోట చీము పట్టును.

ఇల్లు చేరిన పిదపను జాగ్రత్త ముగియదు. మలేరియా జ్వరము కాటు పడిన వారము, రెండు వారములకు గాని, కొన్ని వేళల ఇంకను ఆలస్యముగా గాని బయటపడును. ఆ నడుమ చలిజ్వరము వచ్చినచో ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున రక్తపరీక్ష చేయించుకొనవలెను. ఎచ్చట తిరిగినది, ఎచ్చట నిద్రించినది వైద్యునకు తప్పక తెలుపవలెను. ఆ ఒక్క మాట రోగనిర్ణయమునకు ఎంతయో తోడ్పడును.

ఉపాధ్యాయులును, యువజన సంఘములవారును సెలవులకు ముందే ఈ విషయములను పిల్లలకు బోధింతురు గాక. తెలిసి నడచువానికి గుట్ట గాని, వాగు గాని, బీడు గాని భయపెట్టునది కాదు.