పెట్రోలు పంపునకు తగిన చోటు

బావినీటిని పైకి తెచ్చు చేతిపంపు నిజమునకు నీటిని లాగదు. అది గొట్టములోని గాలిని తీసివేయును. అంతట బావినీటిపై నొక్కుచున్న వెలుపలి గాలి ఆ నీటిని గొట్టములోనికి త్రోయును. గాలికి గల ఈ బలమునకు మేర యున్నది. సముద్రమట్టమున అది నీటిని సుమారు 10.3 మీటర్ల ఎత్తు వరకే నిలుపగలదు; వాడుకలోని చేతిపంపులు 7 మీటర్లు దాటి పనిచేయుట అరుదు. వాయుపీడనమును గూర్చిన ఈ పాఠము పరీక్షతో ముగిసిపోవునని తలంచు విద్యార్థులకు, దానినే ఒక పాత లారీ అడుగున చూపింపదలచితిమి.

జబల్పూరులోని వాహన కర్మాగారమున సైన్యము కొరకు నిస్సాన్ ఒక టన్ను లారీలును, జోంగా బండ్లును పూర్వము తయారగుచుండెను. రెండింటిలోను ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను, కార్బురేటరు ఉండును. సైన్యము వేలము వేయగా కొన్నవారు వీనిని నేటికిని అక్కడక్కడ నడుపుచున్నారు. ఇట్టి పాత బండ్లలో పెట్రోలు పంపు ఇంజను ప్రక్కనే యుండి, క్యామ్ షాఫ్టు త్రోపుచే పనిచేయును. అది అరిగిపోయి, విడిభాగములు దొరకనప్పుడు, యజమానులు కరెంటు పంపు పెట్టించుకొందురు. మెకానిక్కు సాధారణముగా దానిని బానెట్టు క్రిందనే, ఇంజను వెనుక గోడకు బిగించును. వైరు దగ్గర, గొట్టము దగ్గర. పని గంటలో ముగియును.

చలికాలమున బండి చక్కగా నడచును. మే నెలలో బరువుతో కృష్ణగిరి నుండి మా హోసూరు వైపు ఎక్కునప్పుడు తంటా మొదలగును. కృష్ణగిరి సుమారు 500 మీటర్ల ఎత్తున, హోసూరు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నవి. నడిమధ్య ఎక్కుడులో ఇంజను దగ్గి, ఆగిపోవును. పంపు టకటక మనుచునే యుండును గాని కార్బురేటరునకు చుక్క రాదు. తడిగుడ్డ కప్పి అరగంట ఆగినచో మరల కదలును. పంపు చెడినదని క్రొత్తది కొందురు. అదియు ఆ ఎక్కుడులోనే ఆగును. చెడినది పంపు కాదు, దానికిచ్చిన చోటు.

ఏలయన, ద్రవము మరుగుటకు వేడి యొక్కటే కారణము కాదు. పైనున్న ఒత్తిడి తగ్గినను మరుగును. కొండమీద నీరు 100 డిగ్రీలకు లోపలనే మరుగునని మీరు చదివితిరి. పెట్రోలు పలు ద్రవముల మిశ్రమము. అందులో మిక్కిలి తేలికయైనవి 35, 40 డిగ్రీలకే మరుగ నారంభించును. పంపు లోపల ఆవిరి బుడగ చేరినచో, పంపు నొక్కినప్పుడు అది ముడుచుకొనును, వదలినప్పుడు విప్పారును. ద్రవము మాత్రము కదలదు. మేము ఆంధ్రప్రదేశములో శిక్షణ పొందినప్పుడు పుస్తకములలో దీనిని బాష్పబంధనమని చదివితిమి. ఇచ్చటి మెకానిక్కులు తమిళుడైనను, కన్నడిగుడైనను, తెలుగువాడైనను వేపర్ లాకు అనియే అందురు. విద్యార్థికి రెండు మాటలును కావలెను. దుకాణములో రెండవది, కారణము ఆలోచించుకొనునప్పుడు మొదటిది.

ఇప్పుడు కొంచెము లెక్క వేయుదము. సముద్రమట్టపు వాయుపీడనమును 100 పాళ్ళనుకొనుడు. హోసూరు ఎత్తున అది సుమారు 90 పాళ్ళు. ట్యాంకు కంటె పంపు 60 సెంటీమీటర్లు ఎత్తున ఉన్నచో, ఆ ఎత్తునకు లాగుటలో 4 పాళ్ళు పోవును. ఇది స్వల్పమే. పొడవైన గొట్టము, దాని వంపులు, మురికిపట్టిన ఫిల్టరు కలసి మరి 11 పాళ్ళు తినివేసినవనుకొందము. పంపు ముఖమున 75 పాళ్ళు మిగిలినవి. మనకు దొరకు పెట్రోలునకు 38 డిగ్రీలవద్ద ఆవిరి పీడనము 60 పాళ్ళ వరకు ఉండవచ్చును. 75 అంతకంటె ఎక్కువయే గదా అని మీరడుగవచ్చును. ఔను, పెట్రోలు 38 డిగ్రీలలోనే యున్నచో. బానెట్టు క్రింది వేడిలో అది 55 డిగ్రీలకు చేరినచో ఆవిరి పీడనము 100 పాళ్ళు దాటును. అప్పుడది గొట్టములోనే మరుగును.

అదే పంపును ట్యాంకు చెంతకు మార్చి చూడుడు. వేడి తగులని పెట్రోలు తన బరువుచే తానే పంపులోనికి దిగును. అచ్చట నుండి పంపు దానిని త్రోయును. చదరపు అంగుళమునకు 4 పౌండ్ల ఒత్తిడి అనగా మన లెక్కలో 27 పాళ్ళు. 90కి 27 కలుపగా 117. వెనుకటి ఏర్పాటులో వేడిచోటికి 75 పాళ్ళ ఒత్తిడితో వచ్చిన పెట్రోలే ఇప్పుడు 117 పాళ్ళతో వచ్చును. కావున అంత సులభముగా మరుగదు. పంపు మారలేదు, పెట్రోలు మారలేదు. లాగు పని త్రోయు పనిగా మారినది.

చిన్న పంపు సరిపోవునా అను సందేహము వలదు. లారీ లీటరునకు 5 కిలోమీటర్ల చొప్పున గంటకు 40 కిలోమీటర్లు పోవుననుకొన్నచో గంటకు 8 లీటర్లే కావలెను. ఎక్కుడులో దానికి రెండింతలు పట్టినను 16 లీటర్లే. సామాన్యమైన కరెంటు పంపు ఇంతకంటె చాల ఎక్కువ ఇయ్యగలదు. ఒత్తిడి విషయమున మాత్రము ఎక్కువ మంచిదని తలంపరాదు. కార్బురేటరులో తేలుబుడ్డి పైకి లేచి చిన్న సూదిచే పెట్రోలు దారిని మూయును. ఆ సూది సాధారణముగా 4 నుండి 6 పౌండ్ల ఒత్తిడికే ఆగును. ఇంజెక్షను బండ్ల పంపులు 40 పౌండ్లకు పైగా త్రోయును. అట్టిదానిని చౌకగా దొరకినదని పెట్టినచో సూది ఆపలేక పెట్రోలు పొంగి, కాలుచున్న ఇంజనుపై పడును.

చోటు ఎన్నుకొనునప్పుడు ట్యాంకు అడుగుమట్టమునకు సమముగనో, కొంచెము దిగువగనో, చాసిస్ దూలము లోపలి ప్రక్కను చూడవలెను. సైలెన్సరు గొట్టమునకు దూరముగ ఉండవలెను. రాళ్ళు తగులునంత క్రిందికి దింపరాదు. పంపునకు ముందు ముతక ఫిల్టరు ఒకటి ఉండవలెను. పంపులోనికి వచ్చు గొట్టము బయటికి పోవు గొట్టముకంటె సన్నముగ ఉండరాదు. క్రింద రబ్బరు దిమ్మలు వేసినచో చప్పుడు దూలమునకు ప్రాకదు. పంపుపై బాణపు గుర్తు కార్బురేటరు వైపు చూపవలెను. ఇది చెప్పనక్కరలేదనిపించును గాని, బండి క్రింద వెల్లకిల పరుండినవానికి ముందు వెనుకలు తారుమారగును. బ్యాటరీ 12 వోల్టులదో 24 వోల్టులదో చూచి పంపు కొనవలెను. పాత క్యామ్ పంపును వదలి, దాని గుండ కరెంటు పంపుచే పెట్రోలు త్రోయించుట తగదు. దాని లోపలి పొర చినిగినచో పెట్రోలు ఇంజను ఆయిలులో కలియును. దానిని విప్పి, ఆ రంధ్రమును ప్యాకింగు వేసి రేకుతో మూయవలెను.

త్రోయు పంపు వలన ఒక క్రొత్త అపాయము కలదు. క్యామ్ పంపు ఇంజనుతోపాటే ఆగును. కరెంటు పంపు తాళముచెవి త్రిప్పియున్నంతసేపు త్రోయుచునే యుండును. బండి గుద్దుకొని గొట్టము తెగినచో అది మంటలోనికి పెట్రోలు పోయును. కావున పంపు కరెంటును ఆయిలు ఒత్తిడి స్విచ్చి గుండ పంపవలెను. ఇంజను ఆగిన కొలదిసేపటికే ఆయిలు ఒత్తిడి పడిపోయి, పంపు ఆగును. ఇంజను స్టార్టు చేయునప్పుడు ఆ ఒత్తిడి ఇంకను రాదు గనుక, ఆ క్షణమునకు స్టార్టరు నుండి వేరొక వైరు ఈయవలెను. గుద్దుకొన్నప్పుడు తానే తెగు స్విచ్చియు దొరకును. బ్యాటరీ దగ్గర ఫ్యూజు, పంపునకు రిలే, మంచి ఎర్తు లేనిదే పని పూర్తియైనట్లు ఎంచరాదు. పంపు ట్యాంకు కంటె దిగువ నున్నది గనుక గొట్టము ఊడినచో పెట్రోలు దానంతట అదే కారును. ట్యాంకు మొదట ఒక కాకు ఉండుట మేలు. ఈ భాగమునకు ఖర్చు కొంత యగును. మిగులునని దీనిని వదలు యజమాని అసలు పంపు మార్చకుండుటే మంచిదని మా అభిప్రాయము.

తల్లిదండ్రులకు ఒక మాట. సెలవులలో పిల్లలను షెడ్డులో పనికి పంపువారు మాలో పలువురున్నారు. అందు మేము తప్పు పట్టము. కాని ట్యాంకులోని పెట్రోలు తీయవలసినప్పుడు గొట్టము నోట పెట్టుకొని పీల్చు పనిని అచ్చట తరచుగా చిన్నవానికే అప్పగింతురు. ఒక్క గ్రుక్క ఊపిరితిత్తులలోనికి పోయినచో చాలును, ప్రాణమునకు ముప్పు. పొరపాటున మ్రింగినవానిచే వాంతి చేయింపరాదు. వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. చేతితో నొక్కు రబ్బరు పంపు కొద్ది రూపాయలకే దొరకును. అది లేని షెడ్డులో మీ పిల్లవాడు ఆ పని చేయనని చెప్పుటకు మీ అనుమతి ముందే ఉండవలెను. ఏలయన, మేస్త్రీ ఎదుట వాడు ఒంటరిగా చెప్పలేడు.

ఈ పని ఇంజను చల్లారిన పిమ్మట, ఆరుబయట, బ్యాటరీ నెగెటివు వైరు మొదట ఊడదీసి చేయవలెను. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువు. సర్వీసు గుంటలో నీటివలె నిలుచును, దూరపు బీడీనిప్పునకు అంటుకొనును. పెట్రోలు నీటిపై తేలును గనుక మంటపై నీరు పోసినచో అది మరింత ప్రాకును. ఇసుక బకెట్లు, మంటనార్పు పొడి సిలిండరు చేరువ నుంచుకొనవలెను.

2025 నాటికి మన దేశపు పెట్రోలులో నూటికి సుమారు 20 పాళ్ళు ఇథనాలు కలియుచున్నది. పాతకాలపు రబ్బరు గొట్టములను ఇది మెత్తబరచి పగుల్చును. కావున పంపు మార్చునాడే గొట్టములను, క్లిప్పులను ఇథనాలునకు తట్టుకొను రకముగ మార్చవలెను. బండి నడిపిన మొదటి 100 కిలోమీటర్లకు మరల అడుగున దూరి, ప్రతి అతుకును పొడిగుడ్డతో తుడిచి, గుడ్డకు తడి అంటినదేమో చూడవలెను.