పరుల జాబులను మోయు మెయిల్ సర్వరు

సత్యవేడులో ఒక కార్యాలయమున్నదనుకొందము. దాని తపాలు సంచిలో ఉండదగిన జాబులు రెండే విధములు: కార్యాలయమువారు బయటికి వ్రాసినవి, బయటివారు కార్యాలయమునకు వ్రాసినవి. ఊత్తుకోటనుండి వచ్చిన అపరిచితుడెవడో శ్రీకాళహస్తిలోని మరొక అపరిచితునికి వ్రాసిన జాబును బంట్రోతు ఆ సంచిలోనే వేసికొని, కార్యాలయపు ముద్రతో చేరవేసినచో ఏమగును? అందులో మోసమున్నచో నింద కార్యాలయమునకే వచ్చును.

ఈ-మెయిళ్లను పంపి, అందుకొను యంత్రమును మెయిల్ సర్వరందురు. పరులు పరులకు పంపు జాబులను అది అడ్డులేక మోసినచో ‘ఓపెన్ రిలే’ అందురు. పూర్వము ఇది దోషము కాదు. 1982లో జాన్ పోస్టెల్ ఈ-మెయిల్ రవాణా నిబంధనలు వ్రాసిననాడు నెట్‌వర్కులో ఉన్నవారు కొద్దిమంది. ఒక సర్వరు మరొకదానికి సాయపడుట మర్యాదగానే ఉండెను. ప్రకటనలను, మోసపు జాబులను కుప్పలుగా పంపువారు ఈ మర్యాదనే వాడుకొనిరి. 1998లో సెండ్‌మెయిల్ అను ప్రసిద్ధ సాఫ్ట్‌వేరు 8.9వ కూర్పునుండి, ప్రత్యేకముగా అనుమతించిననే తప్ప పరుల జాబులను మోయదు. అయినను అమరికలో తప్పుగా మార్చిన ఒక్క పంక్తి వలన నేటికిని ఆ తలుపు తెరచుకొనగలదు.

మనము వ్రాయని జాబులు ‘చేరలేదు’ అని మనకు తిరిగివచ్చినంతనే సర్వరును నిందింపరాదు. ఎవడో మన చిరునామాను దొంగిలించి, వేరొక చోటినుండి పంపియుండవచ్చును. సర్వరు తన రాకపోకలను వ్రాసికొను లాగ్ అను చిట్టాను ముందు చూడవలెను. ఆ జాబు నిజముగా మన యంత్రమునుండి వెడలినదా? వెడలినచో, ఎవరి పేరున లాగిన్ అయినది? ఉద్యోగి పేరు కనబడినచో పాస్‌వర్డు దొంగలపాలైనదన్నమాట. దానిని మార్చక రిలే తలుపునెంత మూసినను ఫలితముండదు. వెబ్‌సైటులోని ఫిర్యాదుల ఫారమునుండి వెడలినచో దోషమచ్చట కలదు. లాగిన్ లేకయే పరులనుండి పరులకు వెడలినచో అదియే ఓపెన్ రిలే.

అప్పుడు నమ్మదగిన చిరునామాల పట్టికను పరీక్షింపవలెను. అందులో అవసరమునకు మించిన చిరునామాలు చేరియుండవచ్చును. ఒక్కొక్కచో రౌటరు బయటివారినందరిని లోపలివారివలె చూపును. ఈ చిక్కు అనుభవజ్ఞులకు సైతము తొందరగా తట్టదు. సవరించిన పిమ్మట పరీక్షను కార్యాలయము బయటి కనెక్షన్ నుండియే చేయవలెను; లోపలివారిని సర్వరు ఎట్లును నమ్మును. పరునికి పంపబోయిన జాబును 550 లేక 554 అను సంఖ్యతో త్రోసిపుచ్చినచో తలుపు మూసికొన్నట్లే.

ఆలస్యము చేసినచో సర్వరు చిరునామా నిషేధ పట్టికల కెక్కును. నాటినుండి మంచినీటి పథకమును గూర్చి వ్రాసిన నిజమైన జాబును సైతము ఇతర సర్వర్లు తిరస్కరించును. తప్పు సవరింపక పేరు తొలగింపుమని కోరినచో, తొలగించినను మరల చేర్తురు.

సభ్యులకు మేము విన్నవించునదేమనగా, ప్రభుత్వ ఈ-మెయిల్ వాడు పంచాయతీకి సర్వరు బాధ్యత లేదు. పాస్‌వర్డును కాపాడుకొనుటయే దాని పని. సొంత సర్వరును ఎవరిచేతనైన నడిపించుకొనువారు లాగ్‌లను 180 దినములు భద్రపరచుచున్నారా యని అడుగవలెను. కేంద్ర సంస్థయగు సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశముల ప్రకారము మెయిల్ సర్వరుపై దాడిని గుర్తించిన 6 గంటలలో ఆ సంస్థకు తెలుపవలెను. కనుక క్యూలో నిలిచిన జాబులను తుడిచివేయకముందే లాగ్ ప్రతిని తీసియుంచుమని వారికి చెప్పవలెను.