చందా పుస్తకం

ఇస్మాయిల్‌ఖాన్‌పేట

చిరంజీవి మా అన్న బిడ్డకు చిన్నాయన దీవించి రాసేది. మీ నాయన మోకాలి నొప్పి కొంచెం తగ్గింది, పొద్దున్నే పొలం గట్టు దాకా నడిచి వస్తున్నాడు.

నువ్వు ఫోన్లో చెప్పిన సంగతి రెండు రోజులుగా మనసులో తిరుగుతూనే ఉంది. 2025 జూన్ 30న పాశమైలారం ఫ్యాక్టరీలో పేలుడు జరిగి నలభై మందికి పైగా కార్మికులు పోయారు కదా, ఆ వార్త చదివాక నిద్ర పట్టలేదన్నావు. పొట్ట చేతపట్టుకుని వేరే రాష్ట్రాల నుంచి మన ఫ్యాక్టరీలకు వచ్చినవాళ్ల పిల్లల చదువుకు ఏదైనా చెయ్యాలని హైవ్ అనే బ్లాక్‌చెయిన్ సైట్‌లో రోజూ రాస్తున్నానన్నావు. చదివినవాళ్లు ఓటేస్తే టోకెన్లు వస్తాయి, అవి అమ్మి పిల్లలకు ఇస్తానన్నావు. మంచి పని బిడ్డా, వద్దనడానికి కాదు ఈ ఉత్తరం. నువ్వు పంపిన ఫొటోలో ఒక వ్యాసం కింద 42 డాలర్లని ఉంది. దాని కిందే ‘ఈ నెల 50 వేలు ఇస్తాం’ అని రాసేశావు. నాకు గుబులు పుట్టింది ఆ మాట దగ్గరే.

ముప్పై ఏళ్ల కిందటి ముచ్చట చెప్తా. నేను పటాన్‌చెరులో పనిచేస్తున్న రోజులు. షిఫ్టు దిగి సైకిల్ మీద ఇంటికి పోతున్న మా ఫిట్టర్‌ను బొంబాయి రోడ్డు మీద లారీ కొట్టింది. మేం నలుగురం చందా పుస్తకం పట్టుకుని షెడ్డు షెడ్డుకూ తిరిగాం. ముందు పేర్లు రాయించుకోవడం, జీతాల రోజున వసూలు చేసుకోవడం మా పద్ధతి. కూడితే పద్దెనిమిది వేల నాలుగు వందలు తేలింది. పదో దినం నాడు వాళ్ల వాకిట్లో, అందరి ముందు ఆ లెక్క చదివింది నేనే.

జీతాల రోజు ఒకతని కోసం అప్పులవాడు గేటు దగ్గరే కాచుకున్నాడు. ఇంకొకతను సెలవు పెట్టాడు. మరొకతను సగమిచ్చి సగం వచ్చే నెలన్నాడు. చేతికి వచ్చింది పదకొండు వేలు. ఫిట్టర్ భార్య ఒక్క మాట అనలేదు. నోట్లు కొంగున ముడేసుకుని, పుస్తకం ఇటియ్యమంది. చదువు రాదు. అయినా ఒక్కో పేరు మీదా వేలు ఆనించుకుంటూ కిందికి వచ్చి, చివర గీత గీసి మొత్తం వేసిన చోట ఆపి, నా మొహం చూసింది. ఆ పద్దెనిమిది వేలు నమ్ముకుని పెద్దపిల్ల పెండ్లికి మాట ఇచ్చేసిందని తర్వాత తెలిసింది.

నీ ఫోన్లో కనిపించే లెక్క కూడా రాయించుకున్న చందాయే, వసూలైంది కాదు. నువ్వే చెప్పావు కదా, వ్యాసం పెట్టిన ఏడు రోజులకు గానీ లెక్క తేలదని, ఈలోపు ఎవరైనా వ్యతిరేక ఓటేస్తే తగ్గుతుందని. తేలినదాంట్లో సగం ఓటేసినవాళ్లకు పోతుంది. నీ సగంలో మళ్లీ సగం హైవ్ పవర్ కింద కట్టేసి ఉంటుంది, దాన్ని విడిపించాలంటే 13 వారాల వాయిదాలు. ఈ లెక్కన ఆ 42లో వారం తిరిగాక నీ చేతిలో ఆడేది పదిన్నర డాలర్లు.

పైగా టోకెన్ ధర నిలకడగా ఉండేది కాదు. హైవ్ 2020 మార్చిలో స్టీమ్ నుంచి వేరుపడి వచ్చింది. ఆ స్టీమ్ 2018 జనవరిలో ఎనిమిది డాలర్లు దాటింది, అదే ఏడాది చివరికి అర డాలర్ కూడా లేదు. పెద్దవాళ్లకైనా ఇదే తంతు. 2021లో కరోనా రెండో దెబ్బకు క్రిప్టో వ్యాపారి సందీప్ నైల్వాల్ క్రిప్టో రిలీఫ్ నిధి పెడితే, ఎథీరియం సృష్టించిన విటాలిక్ బ్యూటెరిన్ షిబా ఇను టోకెన్లు పంపాడు. ఆ రోజు ధరలో సుమారు వంద కోట్ల డాలర్లని పేపర్లు రాశాయి. అమ్మి చేతికి తెచ్చుకునేసరికి అందులో సగం కూడా మిగల్లేదు. అది కూడా చాలా పెద్ద సాయమే. కాకపోతే మొదటి లెక్క పట్టుకుని ఎవరైనా ఆస్పత్రికి మాట ఇచ్చి ఉంటే ఏమయ్యేది?

అందుకే ఇంత ఇస్తామని ముందు ప్రకటించకు. రూపాయలు బ్యాంకులో పడ్డాక, ఫీజు కట్టిన రసీదు చేతికి వచ్చాక చెప్పు. టోకెన్ చేతికి రాగానే అమ్మెయ్, ధర పెరిగేదాకా ఆగుదామనుకోకు. నీ సొమ్ముతో ఏమైనా చేసుకో, పిల్లల ఫీజు డబ్బుతో అది పేకాటే అవుతుంది. ఎక్స్ఛేంజీలో నిల్వ పెట్టడమూ వద్దు. 2024 జులైలో వజీర్‌ఎక్స్ నుంచి దాదాపు 23 కోట్ల డాలర్ల సరుకు దొంగలు ఎత్తుకుపోతే, కొన్నవాళ్ల డబ్బు నెలల తరబడి లోపలే ఇరుక్కుంది.

పన్ను సంగతి మరవకు. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో అమ్మకం లాభం మీద 30 శాతం, ఒకదాని నష్టం ఇంకోదాని లాభంలో కోసుకోనివ్వరు. అదే ఏడాది జులై నుంచి అమ్మినప్పుడు 1 శాతం టీడీఎస్ కూడా. రాతకు వచ్చిన టోకెన్లు ముందు నీ ఆదాయమే, ఆ లెక్క ఆడిటర్‌కు చూపించు. విదేశాల్లో ఉన్నవాళ్లు ‘ఇది పిల్లలకు’ అని విడిగా పంపుతామంటే తీసుకోకు. సేవా కార్యక్రమాల పేరుతో విదేశీ విరాళం తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. నీ రాతకు వచ్చింది నీది, పన్ను కట్టి రూపాయల్లో ఇవ్వు.

నీ హైవ్‌లో నాకు నచ్చింది ఒకటుంది. పెండ్లిలో చదివింపులు రాసినట్టు ఎవరు ఎంత వేశారో అందరికీ కనిపిస్తుందట. వ్యాసం పెట్టేటప్పుడే ఇంత వాటా ఫలానా ఖాతాకని కట్టేయొచ్చట కూడా. సేవకని వేరే ఖాతా తెరిచి ఆ వాటా దానికి కట్టెయ్, అప్పుడు నిన్నెవరూ అనుమానించరు. అయితే టోకెన్ రూపాయిగా మారిన గడియ నుంచి ఆ బ్లాక్‌చెయిన్ ఏమీ చూపించదు. అక్కడి నుంచి పిల్లవాడి ఫీజు దాకా చూపించాల్సింది నువ్వే. దానికి రెండు గళ్ల నోటుబుక్కు చాలు: ఒక గడిలో వచ్చింది, ఇంకో గడిలో ఇచ్చింది. ప్రతి నెలా ఫొటో తీసి పెట్టు.

ఇంకో మాట. ఏడుస్తున్న పిల్లల ఫొటో పెడితే ఓట్లు ఎక్కువ పడతాయి. పెట్టకు. పేరు కూడా రాయకు. అక్కడ రాసింది చెరిపినా చెరగదన్నావు కదా. ఆ పిల్లవాడు రేపు ఉద్యోగానికి పోయిన చోట కూడా అది వాడి వెంట వస్తుంది.

దసరాకు ఎలాగూ వస్తావు. ఆ పాత చందా పుస్తకం ఇంకా మా బీరువాలోనే ఉంది, చూపిస్తా. డబ్బు ఇచ్చినవాళ్ల పేరు పక్కన ఎర్ర సిరాతో టిక్కు పెట్టేవాణ్ణి. పదహారో పేరు నాది. దాని పక్కన టిక్కు ఉండదు.

ఆశీస్సులతో,
మీ చిన్నాయన